సెనోపతి కునుకు తీసిన ఆదివారం

ద్విహార్తో నాకు చేసిన అన్యాయాన్ని ఏ పోలీసు స్టేషన్లోనూ రాసుకోరు. వెళ్ళి అడిగి చూశాను.

"మీ పిట్టను ఎత్తుకుపోయాడా?" అన్నాడు బల్ల వెనక కూర్చున్నాయన.

"లేదండీ."

"చంపాడా?"

"లేదండీ. ఇంకాస్త ఒళ్ళు చేసింది."

"మరేం చేశాడయ్యా?"

"దానికి మనశ్శాంతి కలిగించాడండీ."

ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు. ఎండలో వచ్చారు, కాసిన్ని మంచినీళ్ళు తాగి వెళ్ళండి అన్నాడు. తాగి వచ్చేశాను.

అందుకని నేనే రాసుకుంటున్నాను. వాడి పేరు ద్విహార్తో. పేరు వెనక ఒక కామా, కామా వెనక ఒక పొట్టి డిగ్రీ, మళ్ళీ కామా, మళ్ళీ ఇంకో పొట్టి డిగ్రీ. పశువైద్యం రెండేళ్ళు చదివి మానేశాడనీ, కోళ్ళ దాణా కంపెనీకి ఆర్డర్లు పట్టుకుంటూ తిరిగేవాడనీ తర్వాత తెలిసింది. ముందే తెలిసినా ఏం చేసేవాణ్ణి? నా చదువు నాలుగో తరగతి మధ్యలో ఆగిపోయింది. అక్కణ్ణించి చూస్తే వాడి రెండేళ్ళు మెరాపి కొండంత ఎత్తుగానే కనబడతాయి.

క్లతెన్ నుంచి సోలో వెళ్ళే రోడ్డు పక్కన నాకు పంచర్ షాపు ఉంది. దాని వెనకే ఇల్లు. ఇంటి వెనక కాస్త దూరం నడిస్తే మా నాన్న నా పేర రాసిచ్చిన వరి మడి. షాపు కూటికి, మడి పరువుకి. ఇక మురాయ్ పిట్టలు దేనికంటే, మా ఊళ్ళో మగవాడు బతికున్నాడని నలుగురికీ తెలియడానికి. నల్లటి ఒళ్ళు, ఇటుకరంగు పొట్ట, జానెడు పైన తోక. ఆదివారం ఆదివారం పోటీలు పెడతారు. నెంబర్లు వేసిన కొక్కేలకు పంజరాలు తగిలిస్తారు. పది నిమిషాల టైము. తెల్లచొక్కాల జడ్జీలు కింద తిరుగుతూ ఎవరి పిట్ట ఎంత గట్టిగా, ఎన్ని రకాలుగా, ఆపకుండా పాడిందో రాసుకుంటారు. పాత మోటారుసైకిలు కోటి రూపియా పలికే మా దేశంలో గెలిచిన మురాయ్ పది మోటారుసైకిళ్ళ ఖరీదు చేస్తుంది.

మా పిట్టల సంఘంలో ముప్పైమందిమి. ఒకరోజు సాయంత్రం రిటైరైన బస్సు కండక్టరు ఙత్నో ఇంటి ముందు చావిట్లో ద్విహార్తోతో ఉపన్యాసం పెట్టించారు. మనిషికి డెబ్బై అయిదు వేలు. తీపి టీ, పులియబెట్టిన సోయా టెంపే వేపుడు అందులోనే. గోడ మీద దుప్పటి కట్టి దాని మీద బొమ్మలు వేశాడు. మూత్రపిండాల బొమ్మ, వాటి నెత్తిన టోపీల్లా ఏవో రెండు.

"ఈ టోపీలే గ్రంథులు," అన్నాడు ద్విహార్తో. "పిట్టకి పిల్లి కనబడిందనుకోండి. ఇక్కణ్ణించి ఒత్తిడి హార్మోన్ బయల్దేరుతుంది. రక్తంలో పడి ఒళ్ళంతా తిరుగుతుంది. తిరిగినంత మాత్రాన పని జరగదండోయ్. ప్రతి కణంలోనూ దాన్ని అందుకునేవాడొకడుండాలి. వాడే రిసెప్టర్. హార్మోన్ తాళంచెవి. రిసెప్టర్ తాళం."

"తాళంచెవి పోతేనో?" అన్నాడు ఙత్నో.

"పోదండీ, ఎక్కువైపోతుంది. అదే మన సమస్య."

"మా ఇంట్లో అంత అదృష్టం లేదు. ఉన్న ఒక్కటీ మా ఆవిడ కొంగునే ఉంటుంది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు విషయం అర్థమైపోయింది. చెయ్యెత్తి లేచాను. మా వైపు కుర్రాళ్ళని మర్యాదగా మస్ అని పిలుస్తాం.

"మస్ ద్విహార్తో, నేను చెప్పేది సరిగ్గా ఉందేమో చూడు. దొంగలొస్తున్నారని ఊరి ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. అది హార్మోన్. ఇంటింటికీ ఒకడు గడప దగ్గర నిలబడి సంతకం పెట్టి అందుకుంటాడు. వాడు రిసెప్టర్. అందుకోగానే వంట ఆపేస్తారు, కర్రలు తీస్తారు. అంతేనా?"

"అంతే!"

"మరి రోజూ నోటీసొస్తే? దొంగా లేదు, గాడిదా లేదు అని తలుపు తీయడం మానేస్తారు. తలుపు తీయట్లేదని ఆఫీసువాడు ఇంకా ఎక్కువ నోటీసులు అచ్చేస్తాడు. అప్పుడు ఊరు ఊరంతా కాగితాలే."

ద్విహార్తో చేతిలోని కర్ర కింద పెట్టాడు. నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"కాంగ్ వగిరాన్," అన్నాడు, అన్నగారూ అని మా వైపు పిలిచే పిలుపుతో. "పుస్తకంలో నలభై పేజీలు రాశారు దీని గురించి. మీరు నాలుగు ముక్కల్లో చెప్పేశారు. మీరు చదువుకుని ఉంటే సైంటిస్టు అయ్యేవారండీ."

యాభై రెండేళ్ళొచ్చాయి నాకు. మా నాన్న అనలేదు ఆ మాట. బడిలో పంతులు అనలేదు. పెళ్ళాం అనే ప్రశ్నే లేదు. నేను పడిపోయింది హార్మోన్లకీ కాదు, తాళాలకీ కాదు. ఆ ఒక్క వాక్యానికి. మిగతాదంతా దాని వెనకే వచ్చింది.

*

అప్పటికి నా దగ్గరున్నవి చిల్లర పిట్టలు. అసలైన పిట్ట జురగాన్ కస్తూబి దగ్గరుండేది. జురగాన్ అంటే ఆసామి, ఆయనకి ఇటుక బట్టీలున్నాయి, మా మడికి పడమటి పక్క పొలమంతా ఆయనదే. పిట్ట పేరు సెనోపతి, అంటే సేనానాయకుడు. పేరుకి తగ్గట్టే ఉండేది. ఎదుట ఇంకో మురాయ్ కనబడితే చాలు, తోక కొరడాలా ఝాడించి, మెడ సాచి, గొంతులోంచి రంపాలూ, ఈలలూ, సెలయేళ్ళూ అన్నీ ఒకేసారి దూకించేది. కస్తూబికి వయసు పైబడింది. పోటీలకు తిరిగే ఓపిక లేదన్నాడు.

సోలోలో పెద్ద పోటీ ఏడు వారాల్లో ఉంది. సెమరాంగ్ నుంచి కో హియాన్ అనే హార్డ్‌వేర్ షాపాయన, మొదటి మూడు స్థానాల్లో నిలిచిన ఏ మురాయ్‌నైనా పదిహేను కోట్లకు కొంటానని అందరికీ చెప్పి ఉంచాడు.

కస్తూబి నన్ను కూర్చోబెట్టి మెత్తగా మాట్లాడాడు. మా వైపు పెద్దమనుషులు ఎంత మెత్తగా మాట్లాడితే అంత దగ్గరగా జేబు చూసుకోవాలి. ఆరోజు నేను చూసుకోలేదు.

"పిట్టను తీసుకెళ్ళు కాంగ్. ఇప్పుడేం ఇవ్వొద్దు. సోలోలో మొదటి మూడింట్లో నిలిస్తే కో హియాన్‌కి అమ్ముకో, నాకు ఎనిమిది కోట్లియ్యి, మిగిలిన ఏడూ నీవే. నిలవకపోతే పిట్ట నీదే, దాన్నీ నేనడగను. నీ మడి మాత్రం నాకు రాసెయ్యాలి."

"నిలవకపోవడమనేది ఉండదు జురగాన్," అన్నాను. "దానికి సైన్సుంది."

"ఉంటే మంచిదే గదా," అన్నాడు. స్టాంపు అంటించిన కాగితం అప్పటికే బల్ల మీదుంది.

ఇంట్లో సుతీనా, అంటే మా ఆవిడ, ఉడికించిన కూరాకు మీద పచ్చడి పోసే పెచెల్‌లోకి వేరుశనగలు రోట్లో నూరుతోంది. పొద్దున్నే షాపు పక్కన బల్లేసి అమ్ముతుంది. చెప్పాను. రోకలి ఆగింది.

"మడి విలువెంత పక్నే?" అంది. మా వైపు మొగుడు పక్నే, పెళ్ళాం బూనే.

"ఎంతుంటుంది, ఇరవై కోట్లుంటుంది."

"పిట్ట నిలిస్తే నీకొచ్చేది?"

"ఏడు."

"ఏడొస్తుందని ఇరవై పెట్టావు. ఏ తరగతిలో చెప్పార్రా నాయనా ఈ లెక్క?"

"నిలుస్తుందే బూనే. హార్మోన్ తగ్గించి రిసెప్టర్లు మూసేస్తే..."

"నోరు ముయ్యి ముందు. రిసెప్టర్లు తర్వాత మూద్దువు గాని."

మళ్ళీ రోకలి మొదలైంది. వారం రోజులు మా ఇంట్లో వేరుశనగలు మామూలు కంటే మెత్తగా నలిగాయి.

*

మొదట పరీక్ష అన్నాడు ద్విహార్తో. పిట్టను గుచ్చి రక్తం తీస్తే ఆ భయానికే హార్మోన్ పెరిగిపోతుందట, రెట్టలో చూస్తే అసలు లెక్క తెలుస్తుందట. సూర్యుడు రాకముందు వేసిన రెట్ట పనికిరాదు. ఆరున్నరకీ ఏడింటికీ మధ్య వేసిందే కావాలి. పంజరం కింద అరిటాకు పరిచి నేను గొంతుక్కూచునేవాణ్ణి. సెనోపతి పైనుంచి నన్ను చూసేది. అది పౌరుషం గల పిట్ట, మనిషి చూస్తుంటే వెయ్యదు. మూడో రోజు ఆరూ యాభై రెండుకి వేసింది. అరిటాకు మడిచి, ఐసు డబ్బాలో పెట్టి, రెండు లక్షల డెబ్బై అయిదు వేలు కట్టి పట్నం పంపించాను. నా ఒంట్లో చక్కెర ఉందో లేదో చూసుకోవడానికి ముప్పై వేలు దండగని రెండేళ్ళుగా వాయిదా వేస్తున్నవాణ్ణి.

ఫలితం వచ్చింది. ముప్పై ఎనిమిది పాయింటు ఆరు. ఏమి ముప్పై ఎనిమిది, ఎందులో ముప్పై ఎనిమిది అని నేనడగలేదు, వాడు చెప్పలేదు.

"చాలా ఎక్కువ కాంగ్," అన్నాడు. మొహం ఆస్పత్రి మొహంలా పెట్టాడు.

సంఘంలో అందరిదీ ఎక్కువే వచ్చింది. నాలుగు రోజులకే అదో గొప్ప అయిపోయింది. టీ కొట్టు దగ్గర కూర్చుని పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు చెప్పుకునేవాళ్ళం.

"మావాడిది నలభై రెండు," అన్నాడు ఙత్నో.

"నాది ముప్పై ఎనిమిదే," అని నేను నీరసపడ్డాను.

"ఫరవాలేదులే కాంగ్, ఇంకొంచెం భయపెట్టు. ఒకసారి మీ ఆవిడ మొహం చూపించు, యాభై దాటుతుంది."

ఆ తర్వాత మందు. చిటికెన వేలంత సీసా, నాలుగున్నర లక్షలు. తాగే నీళ్ళలో రోజుకి మూడు చుక్కలు వెయ్యాలి. ఇది హార్మోన్ని ఆపదట, రిసెప్టర్ల తలుపులు మూస్తుందట. నోటీసులు ఎన్ని వచ్చినా అందుకునేవాడుండడు. నా లెక్కే నాకు అప్పజెప్పాడు. నేను మురిసిపోయాను.

మందొక్కటీ చాలదు, ఇంటి వాతావరణం మారాలన్నాడు. గాలి మిషను ఆపించాడు, దాని ధడధడకి పిట్ట ఒత్తిడికి గురవుతోందట. నేను చేతిపంపుతో కొట్టడం మొదలుపెట్టాను. ఒక్క లారీ టైరుకి అరగంట పట్టేది. చొక్కా పిండితే నీళ్ళు కారేవి. లారీలవాళ్ళు రెండు రోజులు చూసి, మూడో రోజు అవతలి షాపు ముందు ఆపుకున్నారు. టైరు విప్పేటప్పుడు సుత్తి వాడొద్దన్నాడు. సుతీనాని రోట్లో నూరొద్దన్నాడు.

"నూరకుండా పెచెల్ ఎట్టా చెయ్యనూ? వేరుశనగల్ని బతిమాలుకోనా?" అంది.

పెరటి అవతలికి రోలు మార్పించింది. అది మోసింది నేనే, నడుము పట్టేసింది. సెల్‌ఫోన్లో సెలయేటి చప్పుడు పెట్టి పంజరం పక్కన ఉంచాం. పొద్దున్నుంచీ ఆ గలగల వింటుంటే నాకు గంటకోసారి బయటికెళ్ళాలనిపించేది. కీచురాళ్ళూ, చీమగుడ్లూ రెట్టింపు పెట్టాను. ఇంట్లో పిట్టకు తప్ప అందరికీ ఒత్తిడే.

రెండు వారాలకి సెనోపతి మారింది. అంతకుముందు నేను గిన్నె మార్చడానికి చెయ్యి పెడితే వేలు పొడిచేది. ఇప్పుడు పక్కకు జరిగి దారిచ్చేది. ముందు అద్దం చూపిస్తే అందులోని పిట్టను చంపడానికి దూకేది. ఇప్పుడు అందులో చూసి ఈకలు సవరించుకుంటోంది. మళ్ళీ పరీక్ష చేయిస్తే తొమ్మిది పాయింటు ఒకటి వచ్చింది.

"తొమ్మిదా!" అని ద్విహార్తో నన్ను కావలించుకున్నాడు. "చరిత్ర, కాంగ్, చరిత్ర!"

"పాట కాస్త తగ్గింది మస్," అన్నాను.

"దాచుకుంటోందండీ. శక్తంతా లోపల కూడబెట్టుకుంటోంది. సోలోలో చూస్తారుగా."

అందరం తలలూపాం. పిట్ట పాడిందంటే సుఖంగా ఉన్నట్టు అని మా నమ్మకం. సుఖం పెరిగితే పాట పెరక్కేం చేస్తుంది?

*

పోటీకి పది రోజులుందనగా కస్తూబి వచ్చాడు. చేతిలో పంచదార పొట్లం, టీ పొట్లం. పంజరం మీది గుడ్డ తీసి చూశాడు. సెనోపతి కూడా ఆయన్ని చూసింది. తోక ఝాడించలేదు.

"దీనికేం వేస్తున్నావు కాంగ్?"

సీసా చూపించాను. వాసన చూశాడు, మూత పెట్టాడు.

"ఇది ఆపెయ్యి," అన్నాడు. "మురాయ్ పాడేది సంతోషంతో కాదు. పక్కోడు నా గడపలోకొచ్చాడనే మంటతో పాడుతుంది. పాటంటే నీకూ నాకూ గానీ, దానికది తిట్టు. మంట తీసేశాక ఇంక తిట్టడానికేం మిగుల్తుంది? ఇయ్యాళ ఆపితే పది రోజులకి మళ్ళీ మామూలవుతుంది. నా మాట విను."

ఆ కళ్ళలోకి చూశాను. ఈ పిట్ట ఓడిపోతే ఎవరికి లాభం? ఈయనకి. మడి ఎవరికొస్తుంది? ఈయనకి. మరి ఈయనొచ్చి, పనిగట్టుకుని, పంచదార కూడా తెచ్చి, మందు ఆపమంటున్నాడంటే ఆ మందు ఎంత బాగా పనిచేస్తున్నట్టు?

"అలాగే జురగాన్," అన్నాను.

ఆయన వీధి మలుపు తిరగగానే ఆరు చుక్కలు వేశాను. మర్నాటి నుంచి రోజూ ఆరు.

అబద్ధం చెప్పి ముంచినవాళ్ళని చాలామందిని చూశాను. నిజం చెప్పి ముంచినవాడు కస్తూబి ఒక్కడే. నేను వినననే ధైర్యంతోనే చెప్పాడని సుతీనా అంటుంది. మంచితనంతో చెప్పాడని ఙత్నో అంటాడు. రెండోదే అయితే నాకు మరీ కష్టంగా ఉంటుంది.

*

సోలో మైదానంలో ఆ ఆదివారం పొద్దున్న పదింటికి మా తరగతి పిలిచారు. ఇరవై నాలుగు పంజరాలు. మాది పదిహేడో నెంబరు కొక్కెం. గుడ్డలు తీయమన్నారు. తీశాం. తాడు అవతలికి వచ్చి నిలబడ్డాం.

మిగతావి ఒకటీ అరా తప్ప ఒక్కసారి అందుకున్నాయి. ఆకాశంలో రేకులు చింపుతున్నట్టుంది. తోకలు కొట్టుకుంటున్నాయి, మెడలు సాగుతున్నాయి, నోళ్ళు మూతపడటం లేదు. యజమానులు తాడు మీద పడి నెంబర్లు అరుస్తున్నారు.

"పదిహేడూ! పదిహేడూ!" అని ఙత్నో అరిచాడు. బస్సులో ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు అది. మైదానం అవతల టికెట్లు అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు.

సెనోపతి తిరగలేదు. కాస్త ఒళ్ళు విదిలించుకుంది. ఒక ఈక సవరించుకుంది. గిన్నెలోంచి ఒక కీచురాయిని తీసి నెమ్మదిగా, కాళ్ళు ముందు విరుచుకుని, తిన్నది.

"ఇదుగో, ఇప్పుడందుకుంటుంది చూడు," అన్నాను. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అరచేతులు తడిసిపోయాయి. గుండె ఎక్కడో చెవుల్లో కొట్టుకుంటోంది. మూత్రపిండాల నెత్తిన టోపీలు నాకు కూడా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

మూడో నిమిషంలో తెల్లచొక్కా జడ్జీ ఒకాయన పదిహేడు కిందకొచ్చి, పెన్ను కాగితం మీద పెట్టి, తలెత్తి నిలబడ్డాడు. సెనోపతి ఆయన్ని ఒకసారి చూసింది. ఒక కాలు పైకి ముడుచుకుంది. ఒళ్ళంతా బూరెలా ఉబ్బించింది. కళ్ళు మూసుకుంది.

జడ్జీ మా వైపు తిరిగి, "ఒంట్లో బాగాలేదా దీనికి?" అనడిగాడు. జాలిగానే అడిగాడు పాపం.

"లేపండయ్యా దాన్ని! దుప్పటేమన్నా కావాలేమో అడగండి!" అని పక్కనుంచి ఎవడో అన్నాడు. తాడు పొడుగునా నవ్వు పాకింది.

అదే తాడు పట్టుకుని, నా భుజం పక్కనే, ద్విహార్తో ఫోను ఎత్తి వీడియో తీస్తున్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. అబద్ధం చెప్పను, నిజం నీళ్ళే.

"చూడండి కాంగ్, చూడండి! చుట్టూ ఇరవై మూడుమంది శత్రువులు. రెక్క వణుకు లేదు, దడ లేదు. నిద్రపోతోందండీ! ఒక్క రిసెప్టర్ తెరుచుకోలేదు. ఇలాంటిది నా జన్మలో చూళ్ళేదు!"

"పాడట్లేదురా!" అన్నాను.

"ఆ?"

"పాడట్లేదు! పాటల పోటీరా ఇది!"

"పాడతాయని నేనెక్కడన్నానండీ? ఒత్తిడి తగ్గిస్తానన్నాను. తగ్గిందా లేదా, మీరే చెప్పండి."

గంట మోగింది. పంజరాలు దించమన్నారు. పదిహేడో నెంబరు గడిలో జడ్జీలు సున్నా కూడా వెయ్యలేదు, ఖాళీగా వదిలేశారు. ద్విహార్తో చొక్కా పట్టుకున్నాను. ఙత్నో విడిపించబోయి మధ్యలో మానేశాడు, వాడి పిట్ట కూడా పందొమ్మిదో నెంబరులో ఊరికే కూర్చుంది.

"అసలు కొంచెం హార్మోన్ ఉండాలండీ," అన్నాడు ద్విహార్తో, చొక్కా నా చేతిలో ఉండగానే, క్లాసు చెబుతున్నట్టు. "బొత్తిగా లేకపోతే పోటీ మీద పట్టుండదు. మరీ ఎక్కువైతే బెదురు. మధ్యలో ఉండాలి."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

"అది రెండో ఉపన్యాసంలో ఉంది కాంగ్. మీరంతా మొదటిదానికే కట్టారు."

నా చెయ్యి వదులైంది. వాడు కాలరు సరిచేసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"ఇంతకీ ఎన్ని చుక్కలేశారు?"

"ఆరు."

"నేను మూడు గదా చెప్పింది?"

ఙత్నో నా మొహం చూసి, పంజరం తీసుకుని బండి వైపు నడిచాడు. పంజరం కుదుపుకి సెనోపతికి మెలకువొచ్చింది. ఇంకో కీచురాయిని తిన్నది.

*

మందు ఆపేశాను. పన్నెండో రోజు పొద్దున్న, షాపు ముందు ఆగిన మోటారుసైకిలు అద్దంలో తన మొహం చూసుకుని సెనోపతి లేచింది. తోక ఝాడించింది. అరగంట ఆపకుండా పాడింది, కాదు, తిట్టింది. పంచరు వేయించుకోవడానికొచ్చినవాడు పని అయిపోయాక కూడా కదల్లేదు. నేను సెమరాంగ్‌కి ఫోను చేశాను.

"ఏ పిట్టండీ?" అన్నాడు కో హియాన్.

"సెనోపతి అండీ. ఇప్పుడు వినండి, ఫోను దగ్గర పెడతాను..."

"ఆ నిద్రపోయిన పిట్టేనా?" ఆయన పగలబడి నవ్వాడు. "వీడియో నా ఫోన్లో ఉందయ్యా. మా మనవరాలు అన్నం తినకపోతే అదే చూపిస్తున్నాం. దాన్ని నేను కొంటే ఊళ్ళో నా మొహం చూసి ఆవలిస్తారు."

కోటిన్నర అన్నాను. కోటన్నాను. వద్దన్నాడు. ఇప్పుడు ఆ వీడియోని ద్విహార్తో ఊరూరా ఉపన్యాసాల్లో దుప్పటి మీద వేస్తున్నాడట. "సున్నా ఒత్తిడి సాధించిన మొదటి మురాయ్" అని చెబుతాడట. కిందటి నెల బొయొలాలిలో వాడికి శాలువా కప్పారు. ఫీజు లక్షన్నర అయింది. సెనోపతి వాటా ఏమీ లేదు.

నాకు తల తిరుగుతుంటే సుతీనా ఆరోగ్య కేంద్రానికి లాక్కెళ్ళింది. నర్సు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, నూట ఎనభై నాలుగు బై నూట పది అంది. ఇన్నాళ్ళకి నాకూ ఒక నెంబరొచ్చింది, అది టీ కొట్టు దగ్గర చెప్పుకునేది కాదు.

"ఒత్తిడి తగ్గించుకోవాలండీ," అంది నర్సు.

"సీసాలో ఇంకా సగం మిగిలుందమ్మా," అంది సుతీనా. "ఈయనకెన్ని చుక్కలెయ్యమంటారు? ఆరా, అరవయ్యా?"

ఇంటికొచ్చాం. మడిలో నారు పోయడానికి తీసి పెట్టిన విత్తనం బస్తా వసారాలో ఉంది. దాన్ని ఒక్కతే ఈడ్చుకెళ్ళి బేరగాడికి అమ్మేసింది. ఎంతకమ్మిందో నేనడగలేదు.

కాగితాల రోజున ఊరి ఆఫీసులో కస్తూబి నాకు కుర్చీ లాగి వేశాడు. ఆయన కూర్చోకుండా నేను కూర్చోనని, నేను కూర్చోకుండా ఆయన కూర్చోనని కాసేపు మర్యాదలు నడిచాయి.

"వేయొద్దన్నాను గదా కాంగ్," అన్నాడు నెమ్మదిగా.

"అన్నారు జురగాన్."

"మరెందుకేశావు?"

"మీరన్నారనే."

నవ్వబోయి ఆపుకున్నాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. నాకు కోపం రావాలి. వస్తుందని కాసేపు చూశాను. రెండు నెలలుగా లోపల ఎన్ని నోటీసులు తిరిగాయో, గడపల దగ్గర ఎవరూ నిలబడి లేరు. సంతకం పెట్టేశాను. గుమాస్తా చిన్నప్పుడు నాతో బడికొచ్చినవాడే. నాలుగో తరగతి తర్వాత కూడా వెళ్ళాడు కాబట్టి బల్లకి అవతల ఉన్నాడు.

మర్నాడు కొలతలవాళ్ళు వచ్చారు. గొలుసు పట్టుకోవడానికి మనిషి తక్కువైతే ఒక చివర నన్నే పట్టుకోమన్నారు, గట్టు నాకే బాగా తెలుసని. పట్టుకున్నాను. తూర్పున పంట కాలువ, ఉత్తరాన మసీదుకి పోయే కాలిబాట, దక్షిణాన మా పినతండ్రి కొడుకుల మడి, పడమర కస్తూబి. ఆ పడమటి గట్టుకి ఇక పని లేదని అదే రోజు మధ్యాహ్నం కూలీలు తవ్వి చదును చేశారు. కొత్త కాగితంలో రాసుకున్నది, నేను పోగొట్టుకున్నది, వెయ్యిన్ని రెండువందల అరవై నాలుగు చదరపు మీటర్లు.